రొట్టె బాకీ ఉండిపోయింది సార్

ప్రశ్న:

సార్, నమస్తే. మాది కావలి దగ్గర పల్లె. నాయన రొయ్యల గుంటలు లీజుకు తీసుకుని సాగు చేస్తాడు. నేను నెల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం. ఆరో తరగతిలో ఫౌండేషన్ బ్యాచ్‌లో వేసినప్పటి నుంచి నా చెవిలో పడిన మాట ఒకటే, ఐఐటీ. 2023లో ఇంటర్ అయింది, ఆ ఏడు ఐఐటీ ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో క్వాలిఫై కాలేదు. విజయవాడ హాస్టల్లో ఉండి లాంగ్‌టర్మ్, అదే మళ్లీ రాయడానికి ఏడాది కోచింగ్, చేశాను. 2024 మే 26న మళ్లీ రాస్తే పందొమ్మిది వేల పైన ర్యాంకు వచ్చింది. మాకు సీటు ఇచ్చే చివరి ర్యాంకు అంతకు ముందే ఆగిపోయింది. తాడేపల్లిగూడెం నిట్‌లో సివిల్ వచ్చేదే గానీ, ఐఐటీ కానప్పుడు ఏదైతే ఏందని కోపంతో వద్దని, ఎంసెట్‌లో వచ్చిన దాంట్లో చేరిపోయాను.

అంతటితో అయిపోయేదేమో. ఆ నవంబరు 5న అడ్వాన్స్‌డ్ మూడుసార్లు రాయొచ్చని ప్రకటించారు, 2023లో ఇంటర్ అయినవాళ్లకీ అవకాశం ఉందన్నారు. అటక మీది పుస్తకాలన్నీ దించాను. 18వ తేదీన ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. మళ్లీ జనవరిలో సుప్రీంకోర్టు, ఆ మధ్య రోజుల్లో కాలేజీ మానేసినవాళ్లకు మాత్రం రాసుకునే వీలు ఇచ్చింది. నేను మానలేదు. నాయన్ని అడిగే ధైర్యం లేక ఆగిపోయాను. ఇప్పటికీ రాత్రి పన్నెండు దాటితే అదే, మానేసి ఉంటే ఏమయ్యేదని. ఐఐటీ సీట్లు కేటాయించే జోసా పాత కటాఫ్‌లు తెరిచి చూస్తూ ఉంటాను, ఐఐటీ హాస్టల్ వీడియోలు చూస్తాను. తిరుపతి వెళ్తూ ఏర్పేడులో బస్సు దిగి ఐఐటీ గేటు ముందు అరగంట నిలబడి వచ్చాను. క్లాసులో ఎవరితోనూ కలవను. రెండు సప్లీలు ఉన్నాయి, అందులో ఒకటి మ్యాథ్స్.

మొన్న పినాకిని రైల్లో పక్కన కూర్చున్న పెద్దాయన ఎక్కడ చదువుతున్నావు అబ్బయ్యా అంటే మద్రాసు ఐఐటీ అనేశాను. ఆయన వెంటనే వాళ్లబ్బాయికి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. పది నిమిషాలు వాడికి ఫిజిక్స్ ఎలా చదవాలో చెప్పాను. ఆయన దిగేటప్పుడు నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

2023లో లాంగ్‌టర్మ్‌కు వెళ్లే ముందు అమ్మ నన్ను మొహర్రానికి నెల్లూరులో జరిగే రొట్టెల పండగకు తీసుకెళ్లి విద్యా రొట్టె తినిపించింది. కూతురు నర్సింగ్ పాసైందని ఒకావిడ తెచ్చిన రొట్టె అది. కోరిక తీరితే మళ్లీ అక్కడే ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి కదా, ఇప్పటికీ ఇవ్వలేదు. ప్రతి మొహర్రానికీ అమ్మ నా ముఖం చూస్తుంది. నాయన ఏమీ అనడు, అది ఇంకా కష్టంగా ఉంది. దీన్ని ఎట్లా వదిలించుకోవాలి? గేట్ రాసి ఎంటెక్‌కైనా ఐఐటీకి వెళ్తే పోతుందా?

పేరు వద్దు సార్, కావలి

జవాబు:

అబ్బాయ్, నీ ఉత్తరం ఇక్కడ అచ్చయినదానికి మూడింతలుంది, కుదించినందుకు ఏమీ అనుకోకు. అంతా రెండుసార్లు చదివాను. ర్యాంకులున్నాయి, తేదీలున్నాయి, రెండో పేపర్లో నువ్వు చివరి నిమిషంలో జవాబు మార్చి పోగొట్టుకున్న ప్రశ్న నంబరు కూడా ఉంది. అక్కడికి వెళ్లి ఏం చదవాలనుకున్నావో మాత్రం ఒక్క వాక్యం లేదు. ఎత్తిపొడవడానికి అనడం లేదు. ముప్ఫై మూడేళ్లు ఫిజిక్స్ చెప్పాను, నా దగ్గర చదివిన పిల్లల్లో ఐఐటీ పిచ్చి పట్టినవాళ్లు చాలామంది ఇంతే. వాళ్లు కోరుకునేది ఒక రోజు. ఫలితాలొచ్చిన రోజున ఇంటి ముందు బండ్లు ఆగడం, నాయన సెంటర్లో టీ తాగుతుంటే పదిమంది చుట్టూ చేరడం. నీకు పోయింది ఆ ఒక్క రోజు. దానికి ఏడుపు వస్తే తప్పేం లేదు. రెండేళ్ల నుంచీ దాన్ని నాలుగేళ్ల చదువు పోయిందనుకుని ఏడుస్తున్నావు, అక్కడే తేడా కొట్టింది.

ముందు లెక్క చెప్తా. 2024లో లక్షా ఎనభై వేల మంది అడ్వాన్స్‌డ్ రాశారు. 48,248 మంది అర్హత సాధించారు. ఆ ఏడు 23 ఐఐటీల్లో కలిపి ఉన్న సీట్లు 17,740. అంటే అర్హత వచ్చి కూడా ముప్ఫై వేల మంది బయటే ఉండిపోయారు, అందులో నువ్వొకడివి. నిన్ను పనికిరావని ఎవరూ అనలేదు, కుర్చీలు చాల్లేదంతే. ఈ లెక్క విన్నంత మాత్రాన నీ కడుపులో మంట చల్లారదని నాకు తెలుసు, నాకూ చల్లారలేదు కాబట్టి.

నేను రాసింది 1978లో. అప్పుడు దేశం మొత్తానికి ఐఐటీలు ఐదే. ఒంగోల్లో ఇంటర్ చదివే రోజుల్లో మా లెక్చరర్ ఒకాయన నీకు వస్తుందిరా అన్నాడు, ఆ ఒక్క మాట పట్టుకుని రాశాను. రాలేదు. బీఎస్సీలో చేరాను. ఆ తర్వాత ఎనిమిదేళ్లపాటు ఎవరడిగినా ‘జస్ట్‌లో పోయింది’ అని చెప్పేవాణ్ణి. నిజానికి జస్ట్ కాదు, చాలా దూరంలోనే పోయింది, సగం ప్రశ్నలు నాకు అర్థం కూడా కాలేదు! నువ్వు రైల్లో ఒక్కసారి ఒక్క మనిషికి అబద్ధం చెప్పి అన్నం మానేశావు, నేను ఎనిమిదేళ్లు చెప్పి మూడు పూటలా తిన్నాను. పెళ్లిచూపుల్లో కూడా చెప్పాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

1986 వేసవిలో లెక్చరర్లకు శిక్షణ అని రెండు వారాలు మద్రాసు ఐఐటీకి పంపారు. చెట్ల మధ్య రోడ్లు, జింకలు, కోతులు. మొదటి రోజు గేటు దాటుతుంటే గుండె దడదడలాడింది, అబద్ధమెందుకు. మూడో రోజు మెస్సులో ఒక కుర్రాడు నా ఎదురుగా కూర్చుని, పెరుగన్నం కెలుకుతూ, తనకు సివిల్ వచ్చిందని, ఎలక్ట్రికల్ రాలేదని, ఇంటికి వెళ్లి ముఖం చూపించలేకపోతున్నానని చెప్పుకొచ్చాడు. నేను ఎనిమిదేళ్లుగా ఎవడి చోట కూర్చోవాలని కలలు కన్నానో వాడు నాకెదురుగా కూర్చుని ఇంకెవడి చోటు కోసమో ఏడుస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది, పాపం వాడి ముందు ఆపుకున్నాను. ఆ రోజుతో నాకు వదిలిందని చెబితే కథ బాగుంటుంది గానీ, వదల్లేదు. ఇంకో రెండేళ్లకు, ఫస్టియర్ పిల్లలకు రే ఆప్టిక్స్ చెబుతూ ఉండగా, చాలా రోజులైంది ఆ సంగతి గుర్తొచ్చి, అని తట్టింది. అంతే. ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

ఇక ఆ పదమూడు రోజుల సంగతి. నీ ఉత్తరంలో ఎక్కువ చోటు దానికే పోయింది, నేనూ దానిమీద ఎక్కువసేపు ఉంటా. మానేయకపోవడం పిరికితనం అంటున్నావు. ఒకసారి తేదీలు నువ్వే చూడు. నవంబరు 5న చెప్పారు, 18న కాదన్నారు. ఆ మధ్యలో మానేసినవాళ్లు 18 సాయంత్రానికి ఏమయ్యారు? అటు పరీక్షా లేదు, ఇటు కాలేజీ లేదు. జనవరి 10న కోర్టు చెప్పేదాకా వాళ్లు ఎట్లా నిద్రపోయారో ఆలోచించు. కోర్టు అలా చెబుతుందని నవంబరులో ఒక్కరికీ తెలియదు. జనవరిలో తెలిసిన సంగతి చేతిలో పెట్టుకుని నవంబరులో ఉన్న నిన్ను రోజూ రాత్రి పన్నెండుకు నిలబెట్టి తిడుతున్నావు. ఆ పిల్లాడు తన దగ్గరున్న సమాచారంతో సరైన పనే చేశాడు. పైగా ఇప్పుడు నీకు మూడోసారి లేదు, నాలుగోసారి లేదు, ఆ తలుపు మూసేశారు. ఇంకా తెరిచే ఉంటే నీకు నేను ఏం చెప్పేవాణ్ణో తెలియదు. మూసి ఉంది కాబట్టి నా పని తేలికైంది, నీ పని కూడా అయ్యుండాల్సింది.

నువ్వు నిట్ వద్దన్నావు చూడు, దానికి మాత్రం నిన్ను తిట్టాలి. తాడేపల్లిగూడెంలో చేరితే ఇది పట్టుకునేది కాదని నేననడం లేదు, అప్పుడు ‘నిట్‌లో ఇరుక్కున్నా’ అని రాసి ఉండేవాడివి. కోపంతో చదువు ఎంచుకోవడం ఏంది? సరే, అదీ అయిపోయింది, దాన్ని కొత్త పశ్చాత్తాపం చేసుకోకు, ఉన్నవి చాలు.

మీ నాయన్ని ఒకటి అడుగు. పంట పోయిన గుంటలో మర్నాడే సీడ్ వదులుతాడా? నీళ్లు మొత్తం తోడేసి, అడుగు బురద ఎండి నెర్రెలిచ్చేదాకా ఆగుతాడు. ఆ ఆగడం సాగులో భాగమే. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు మన తీరంలో టైగర్ రొయ్య వేసినవాళ్లు ఎట్లా దెబ్బతిన్నారో మీ నాయన వయసువాళ్లు చెబుతారు. నాకు తెలిసిన ఇళ్లలో ఆడవాళ్ల మెడల్లో పసుపుతాళ్లే మిగిలాయి. 2009లో వనామి అనే ఇంకో రకం రొయ్య వచ్చింది. అది టైగర్ కాదు, ఆ పేరూ లేదు, ఆ సైజూ లేదు. నీ లాంగ్‌టర్మ్ ఫీజు కట్టింది మాత్రం వనామితోనే అయ్యుంటుంది.

నీ గుంటలో పాత నీళ్లు ఇంకా అట్లే ఉన్నాయి. రోజూ రాత్రి ఆ కటాఫ్‌లు చూడటం ఉంది కదా, బుద్ధి చెప్పుకుంటే ఆగదది, ఆ టైముకు ఫోన్ అమ్మ దగ్గరో రూమ్మేట్ దగ్గరో పెట్టేయాలి. హాస్టల్ వీడియోలు, జేఈఈ టెలిగ్రామ్ గ్రూపులు అన్నీ తీసేయ్. నువ్వు అందులోంచి వెళ్లిపోయావని కూడా ఎవరూ గమనించరు. అటక మీది పుస్తకాలు ఉన్నాయే, అవి ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ పదమూడు రోజులు పోవు. కావలిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎంపీసీ చదివే పిల్లల్లో ఆ పుస్తకాలు కొనలేనివాళ్లు ఎందరో ఉంటారు, బస్తాలో వేసుకెళ్లి ఇచ్చి రా. నువ్వే వెళ్లు, నాయనతో పంపించకు. అడుగుతారు, అన్నా నువ్వెక్కడ చదువుతున్నావని. అప్పుడు మీ కాలేజీ పేరు చెప్పు, గొణక్కుండా. మొదటిసారి నోరు ఎండిపోతుంది, నాకు ఎండిపోయింది.

ఆ సప్లీలు. అడ్వాన్స్‌డ్‌లో పందొమ్మిది వేల ర్యాంకు తెచ్చుకున్నవాడికి బీటెక్ మ్యాథ్స్‌లో సప్లీ ఏంటి? నేనైతే ఒకటే అనుకుంటున్నా, ఈ కాలేజీ నీకు తగదని రుజువు చేయడానికి ఈ కాలేజీలోనే తప్పుతున్నావు. దాంతో పోయేది నీ మార్కుల జాబితానే, కాలేజీకి ఏమీ కాదు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు చాలావరకు బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లను మొదటి గీత దగ్గరే ఆపేస్తాయి. నెల్లూరు వీఆర్ కాలేజీలో చదివిన వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతి అయ్యారు, నువ్వూ అవుతావు లాంటి మాటలు నేను చెప్పను, ఆయన దారి వేరు, ఆ ఓదార్పు పనిచేయదు కూడా. మీ కాలేజీలో లోపాలు ఉండే ఉంటాయి. ల్యాబులు అంతంతమాత్రమే ఉండొచ్చు, బోర్డు మీద నోట్స్ రాయించి వెళ్లిపోయే మాస్టార్లు ఉండొచ్చు. దానికి మందు ఇంట్లోనే ఉంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో ఆ ప్రొఫెసర్ల పాఠాలే ఉచితంగా ఉన్నాయి, నీ సప్లీ మ్యాథ్స్ కూడా అందులో దొరుకుతుంది. హాస్టల్ వీడియోలు చూసే గంట అక్కడ కూర్చో. పాఠం అర్థం కాకపోతే ఆపి మళ్లీ పెట్టుకోవచ్చు, మద్రాసులో ముందు బెంచీలో కూర్చున్నవాడికి ఆ సుఖం లేదు.

గేట్ గురించి అడిగావు. మూడో సంవత్సరం నుంచే రాయొచ్చు, ఫిబ్రవరిలో ఉంటుంది, స్కోరు మూడేళ్లు పనికొస్తుంది. ఐఐటీల్లో ఎంటెక్‌కు అదే ప్రధానమైన దారి. మంచి దారే. జేఈఈ లేకుండా మద్రాసు ఐఐటీ వాళ్ల ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ కోర్సు కూడా ఉంది, బీటెక్ చేస్తూనే చదువుతున్న పిల్లలు నాకు తెలుసు. నీకిప్పుడు మాత్రం రెండూ వద్దంటాను. ఎందుకో చెబుతా. నువ్వు అడిగింది ‘పోతుందా’ అని. ఆ మాటలో చదువు లేదు, మచ్చ కడుక్కోవడం ఉంది. మచ్చ కడుక్కోవడానికి వెళ్లినవాణ్ణి ఎంటెక్ క్లాసులో ఎవరో ఒకరు ‘బీటెక్ ఎక్కడ?’ అని అడుగుతారు, మళ్లీ మొదలు. ఒక ఏడాది ఆగు. మూడో సంవత్సరంలో ఏదో ఒక సబ్జెక్టు, నెట్‌వర్క్స్ కానీ, కంపైలర్లు కానీ, ఇంకొంచెం లోతుగా చదవాలని నీకే అనిపించి, దాన్ని బాగా చెప్పే చోటు ఎక్కడుందని వెతికితే అప్పుడు గేట్ రాయి. ఆ చోటు ఐఐటీ అయినా సరే, ఇంకోటైనా సరే.

రైల్లో ఆ పిల్లాడికి ఫోన్లో ఏం చెప్పావో రాయలేదు. నాకు అది తెలుసుకోవాలని ఉంది. కాలేజీ పేరు అబద్ధమే గానీ ఆ పది నిమిషాల ఫిజిక్స్ అబద్ధం కాదు కదా. ఎక్కడ తప్పులు చేశావో రెండుసార్లు చేసి తెలుసుకున్నవాడివి, టాప్ ర్యాంకరు చెప్పేదానికంటే నువ్వు చెప్పింది వాడికి ఎక్కువ పనికొచ్చి ఉంటుంది. దాని గురించి ఇంకా కుమిలిపోకు.

నాయన ఏమీ అనడు అన్నావు. ఆ మౌనానికి అర్థం నువ్వే రాసుకుంటున్నావు, ఆయన్ని అడక్కుండా. రాత్రిళ్లు ఏరేటర్లు తిరుగుతుంటే గట్టు మీద కాపలా ఉంటాడు గదా, ఒక రాత్రి వెళ్లి పక్కన కూర్చో. నవంబరులో అడగలేని మాట ఇప్పుడు అడుగు. ఆయన ఆ రోజు ఏమనేవాడో నీకు తెలియదు, రెండేళ్లుగా ఆయన తరఫున నువ్వే జవాబు చెప్పుకుంటున్నావు. నాకైతే ఆయనకు నీ ర్యాంకు కంటే నువ్వు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకపోవడమే భయంగా ఉందనిపిస్తోంది. తప్పయితే మళ్లీ ఉత్తరం రాయి.

ఇంకొకటి, ఇది తేలిగ్గా తీసుకోకు. నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం వారాల తరబడి ఉంటే, లేదా బతకడం ఎందుకు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, 14416కు ఫోన్ చెయ్యి. టెలి మానస్ అని ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పన్నెండుకైనా ఎత్తుతారు. నీ టైము అదే గదా.

ఇక రొట్టె. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్లలో నిలబడి జనం కేకలు వేస్తుంటారు చూడు, విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె అని. నెల్లూరికి వచ్చిన కాడినుంచి ఏటా వెళ్తున్నా, ఐఐటీ రొట్టె కావాలని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మీ అమ్మ అడిగిందీ విద్యా రొట్టే. ఇచ్చినావిడ నర్సింగ్ చదువు తీరిందని తెచ్చిచ్చింది, ఏ కాలేజీ అని మీ అమ్మ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ సప్లీలు రెండూ కట్టి పాసవ్వు. పాసయ్యాక వచ్చే మొహర్రానికి అమ్మతో రొట్టెలు చేయించుకుని నీళ్లలోకి దిగి, విద్యా రొట్టె అని గట్టిగా కేక వెయ్యి. నేనూ అక్కడే ఎక్కడో ఉంటా. మా మనవరాలు ఎల్‌కేజీకి వెళ్లనని మంచం కోడు పట్టుకుని కూర్చుంటోంది, నాకు ఒకటి కావాలి.

ప్రశ్న:

మేం చీమకుర్తిలో ఉంటాం. మా వారు గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్. పాప ఐదో తరగతి పాసయింది. ఆరు నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో వేయకపోతే తర్వాత అందుకోలేదని స్కూలు వాళ్లు అంటున్నారు, మామూలు ఫీజు మీద ఇంకా చాలా అడుగుతున్నారు. అప్పు చేసైనా వేయాలా?

ఒక తల్లి, చీమకుర్తి

జవాబు:

అప్పు చేయకండమ్మా. అడ్వాన్స్‌డ్‌లో అడిగేది ప్రధానంగా ఇంటర్ రెండేళ్ల ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్. ఆరో తరగతి పిల్లకు అందులో పనికొచ్చేవి భిన్నాలు, నిష్పత్తులు, కొంచెం జ్యామితి, చదివింది తన మాటల్లో చెప్పగలగడం. ఇవి మామూలు స్కూల్లో మామూలు మాస్టారు బాగా చెబితే వస్తాయి. ఇప్పుడు వేయకపోతే అందుకోలేదు అనే మాట ఆరుకు ముందు ఒకసారి, ఎనిమిదికి ముందు ఒకసారి, ఇంటర్‌కు ముందు ఒకసారి చెబుతారు, ప్రతిసారీ ఫీజు పెరుగుతుంది. ఆ డబ్బు ఇంటర్ నాటికి దాచండి, అప్పుడు పాప కోరితే వాడొచ్చు. పై ఉత్తరం మీరూ మీ వారూ కలిసి చదవండి, ఆ అబ్బాయినీ ఆరులోనే వేశారు.

ఇంతకీ పాప ఏమంటోంది? మీరు అది రాయలేదు.